సోమవారం కులవ

మా డాక్టరు చిన్నాయన పోయాడు. ఆ మాట నాకు గురవమ్మ తెచ్చింది. విరుదునగరంలో దూది మిల్లులో పని చేసే మనిషి సోమవారం పొద్దున పని మానుకుని, రైలెక్కి, కోవిల్‌పట్టిలో మా గడప ముందు నిలబడిందంటేనే నాకు సంగతి సగం తెలిసింది. స్టేషను నుంచి నడిచిన ఆ కాస్త నడకకే ఆమెకు ఊపిరి అందడం లేదు. "డాక్టరయ్య..." అని ఆగి, తలుపు పట్టుకుని రొప్పి, మళ్ళీ గొంతు తెచ్చుకుంది.

"పొయినాడక్కా. నిన్న, ఆదివారం. సాయంత్రానికే అంతా ఐపొయింది. నీకి తంతి కొట్టేదానికి ఆపీసు తెరవలా."

ఆదివారం మిల్లు మూతపడే రోజు. ఆ రోజు గురించి జీవితమంతా ఆలోచించిన మనిషి ఆ రోజే పోయాడు. నాకు ఏడుపు వెంటనే రాలేదు. గురవమ్మకు మజ్జిగ ఇచ్చి, ఆమె రొప్పు ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తూ ఎదురుగా కూర్చున్నాను. అలా చూడడం ఆయన అలవాటు, నాకు అంటుకుంది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఉన్నప్పుడే పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మా నాయనకు పిన్నమ్మ కొడుకు కాబట్టి నాకు చిన్నాయన. మిల్లు ఆడవాళ్ళకు డాక్టరయ్య. నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అదీ ఆయన చలవే. పుదూరు పక్క నల్లరేగడి పల్లెల్లో మా వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరం ఎలా ఉంటుందో కళ్ళతో చూసినవాళ్ళు లేరు. చిన్నాయన మద్రాసులో వైద్యం చదివేటప్పుడు నెల్లూరు పిల్లలతో ఒకే గదిలో ఉండి నేర్చుకున్నాడు. ఈయన మాట్లాడితే వాళ్ళు పడీపడీ నవ్వేవారట. "నవ్వితే నవ్వినారులే, అచ్చరాలు ఇచ్చినారు గదా" అనేవాడు. ఆంధ్రదేశంలో ఇది చదివేవాళ్ళు మా మాటలకు నవ్వుకున్నా నాకు కోపం లేదు.

ఆయన భార్య మొదటి కాన్పులోనే పోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. విరుదునగరంలో, పెద్దవాళ్ళు ఇప్పటికీ విరుదుపట్టి అనే ఆ ఊళ్ళో, దూది మిల్లుల వీధి చివర చిన్న వైద్యశాల పెట్టుకుని దాని వెనక గదిలోనే ఉండేవాడు. అన్నం నిలబడి తినేవాడు. ఎదురుగా కూర్చునేవాళ్ళు లేనప్పుడు పీట వేసుకోవడం దేనికి అనేవాడు. ఎవరు కనపడినా "బాగుండావా" అని అడగడు. "మూచ్చు ఎట్లుండాది?" అని అడుగుతాడు. మూచ్చు అంటే ఊపిరి. పెళ్ళిలో కనపడినా అదే ప్రశ్న. ఒకసారి తాళి కట్టబోతున్న పెళ్ళికొడుకును అలాగే అడిగితే మా వాళ్ళు నెలల తరబడి చెప్పుకుని నవ్వారు.

దూది మిల్లు లోపల చూడనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. పత్తిలోంచి గింజ తీసే మరలు తిరుగుతుంటే లోపలి గాలంతా నూగు. కిటికీలు తెరిస్తే దూది ఎగిరిపోతుందని తెరవరు. సాయంత్రం బయటికి వచ్చే పడుచు పిల్లల కనురెప్పలు కూడా తెల్లబడి ఉంటాయి. ఆ నూగే ఆడవాళ్ళ రొప్పుకు కారణమని చిన్నాయన అనుమానం. గాజు పలకలకు కొబ్బరినూనె రాసుకుని మిల్లులోకి వెళ్ళి, మరల పక్కన నిలబడి, దానిమీద పడ్డ దుమ్మును ఇంటికి తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని చూసేవాడు. మేస్త్రీలు వెనకనుంచి నవ్వేవారు. ఆయన ఇంట్లోకి అడుగు పెట్టే ముందు తుండుగుడ్డ దులిపే చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

నేనూ ఆ మిల్లులో పని చేసినదాన్నే. వరసగా వానలు మొండికేశాక మా ఇంటాయనా నేనూ చేను వదిలి ఆ ఊరికి వచ్చాం. ఆయన దూది బేళ్ళు మోసేవాడు, నేను మర దగ్గర ఉండేదాన్ని. రెండో ఏడు నాకు దగ్గు పట్టుకుంది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. మా అత్త ఒక సాయంత్రం నా పక్కనుంచి నా బిడ్డను ఎత్తుకుని అవతల కూర్చుంది. క్షయ అన్న మాట ఎవరూ పైకి అనలేదు. మా వైపు అనరు. "ఆ జబ్బు" అంటారు, చూపు తిప్పుకుంటారు. నన్ను మా అన్న చేలో గుడిసెకు పంపించారు. నాకు వేరే కుండ, వేరే ముంత. వదిన అన్నం తెచ్చి గట్టుమీద పెట్టి, తను దూరం పోయాక తీసుకోమనేది. పాప అప్పుడే నడక నేర్చుకుంటోంది. ఆ నడక నేను చూడలేదు. ఆ గుడిసెలో మాట్లాడడానికి మనిషి లేక, నా దగ్గు నేనే వింటూ కూర్చునేదాన్ని.

విచిత్రం ఏమిటంటే, కొన్నాళ్ళకు ఆ దగ్గు కూడా నన్ను వదిలి పోయింది. బాగైందని సంబరంగా విరుదునగరం వెళ్ళాను. అత్త పాపను వెంటనే ఇవ్వలేదు, చూద్దాం అంది. ఆదివారం వెళ్ళి సోమవారం పనిలో చేరాను. ఆ సాయంత్రానికే మళ్ళీ రొప్పు. "ఆ జబ్బు దాంకోని ఉండి బయటికి వచ్చిందిరా" అని అత్త వీధంతా వినేలా అంది. మళ్ళీ మూట కట్టుకుని వైద్యశాల ముందునుంచి వెళ్తుంటే చిన్నాయన ఆపాడు.

"దగ్గు ఎంత ఉండాదని అందరూ అడుగుతారు అమ్మణ్ణీ. నేను వేరే అడుగుతా. ఏ దినం ఎక్కువ?"

"సోమారం. సాయంత్రం."

"బుధారం?"

"కొంచెం తగ్గతాది."

"ఆదివారం?"

"ఏమీ ఉండదు చిన్నాయనా."

ఆయన వేళ్ళమీద వారాలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత అన్న మాట నేను చచ్చేదాకా మరవను. "ఆ జబ్బుకి వారాలు తెలీవమ్మా. ఆదివారం సెలవ తీసుకోని పొయ్యే జబ్బు ఆ జబ్బు కాదు." నన్ను గుడిసెకు పోనివ్వలేదు. వైద్యశాల పక్క గదిలో పెట్టాడు, తన పళ్ళెం పక్కనే నా పళ్ళెం పెట్టుకోమన్నాడు. ఆ రోజు ఆయన పీట వేసుకుని కూర్చుని తిన్నాడు.

కానీ ఒక్క నా మాట చాలదు కదా. మిగతా ఆడవాళ్ళను అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. "నాకేం లేదయ్యా, రాయి మాదిరి ఉండా" అంటూనే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గు మింగేవాళ్ళు. ఒప్పుకుంటే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకున్నారు. పోనీ గొట్టం పెట్టి వింటానంటే పైట బిగించి పారిపోయేవాళ్ళు. ఆయన వైద్యశాల మెట్లమీద కూర్చుని వీధి చూస్తూ ఉండేవాడు. జబ్బు ఎదురుగా నడిచి పోతున్నా చేతికి చిక్కలేదు.

చిక్కింది మారియమ్మ గుడి దగ్గర. మా వైపు శుభం ఏది జరిగినా ఆడవాళ్ళు కులవ పెడతారు. నాలుకను పెదవుల మధ్య ఆడిస్తూ, ఒక్క ఊపిరితో, ఎంత పొడుగు వీలైతే అంత పొడుగు ఎత్తే కూత అది. ఎవరి కులవ పొడుగైతే వాళ్ళ ఇంటికి అంత గొప్ప. ఆ రోజు అమ్మవారు వీధిలోకి వస్తుంటే పల్లె ఆడవాళ్ళ కులవ ఆగకుండా సాగింది. మిల్లు ఆడవాళ్ళది నడుమ తెగిపోయింది. చిన్నాయన దణ్ణం పెట్టుకోవడం మరిచి అలాగే నిలబడ్డాడు. ఇంటికి వచ్చి, "అమ్మణ్ణీ, వీళ్ళు దగ్గు దాంచిపెడతారు. కులవని దాంచిపెడతారా?" అన్నాడు.

దాచిపెట్టలేదు. పోటీలు పడి వచ్చారు. సోమవారం పొద్దున మిల్లు ఊదకముందు ఒకసారి, సాయంత్రం విడిచాక ఒకసారి వైద్యశాల పంచలో నిలబడి కులవ పెట్టేవాళ్ళు. గొంతు లేవగానే చిన్నాయన గోడకు బొగ్గుముక్క ఆనించి, లోపలి గడియారం చప్పుడుకు సరిగ్గా అడుగు వేస్తూ పక్కకు నడిచేవాడు. గొంతు ఆగిన చోట బొగ్గు ఆగేది. పొద్దుటి గీత కింద సాయంత్రం గీత. "డాక్టరయ్యకి కిరుకు పట్టింది" అని, పిచ్చి పట్టినవాణ్ణి చూసినట్టు నవ్వుకుంటూనే తమ గీత పక్కదాని గీతకంటే పొడుగో కాదో చూసుకుని వెళ్ళేవాళ్ళు. ఏ గీత ఎవరిదో అరవంలో రాస్తే మిల్లువాళ్ళు చదువుతారని భయపడ్డారు. అందుకే, తను గీస్తుంటే పక్కన పేర్లు రాయడానికి ఆయన నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. ఆ ఊళ్ళో ఎవరూ చదవలేని అక్షరాలతో వాళ్ళ పేర్లు రాయడం నా మొదటి రాత. గురవమ్మ పేరులో కొమ్ము ఎటు తిప్పాలో తెలియక ఎన్నిసార్లు చెరిపానో.

ఆ గీతలు చూస్తే చదువు రానివాళ్ళకు కూడా సంగతి తెలిసిపోయేది. సోమవారం పొద్దున పొడుగు, సాయంత్రం పొట్టి. వారం గడిచేకొద్దీ తేడా తగ్గుతుంది. ఆదివారం ఇంటి దగ్గర ఉంటే మళ్ళీ మొదటికి వస్తుంది. నా గీత ఎప్పుడూ ఒకటే, ఎందుకంటే నేను మిల్లుకు పోవడం లేదు. నన్ను మళ్ళీ లోపలికి పంపి చూస్తే లెక్క పూర్తవుతుందని ఆయనకు తెలుసు, కానీ అడగడానికి నోరు రాలేదు. నేనే వెళ్ళాను. సోమవారం సాయంత్రం నా గీత కూడా పొట్టిదయింది. ఆయన బొగ్గు కింద పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సంతోషించాడో బాధపడ్డాడో నాకు తెలియదు. నాకు మాత్రం పాప రెండు వీధుల అవతలే ఉంది, ఆ పొట్టి గీత మీద ఎక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చు అనిపించింది.

మదురై నుంచి ఊపిరి జబ్బులు బాగా తెలిసిన పెద్ద డాక్టరు ఒకాయన గోడ చూడడానికి వస్తానన్నాడు. మారియమ్మకు చేసే పంగుని పొంగలి పండుగ రోజులు, సోమవారం. చిన్నాయన మా అత్తకు కూడా కబురు పెట్టాడు. ఊరంతా పెద్దమనిషి అని ఒప్పుకునే డాక్టరు చెప్తే ఆమె నమ్ముతుందని మా ఆశ. ఆ ముందురోజు చిన్నాయన మందులకని మదురై పోయి, వచ్చే పెద్దమనిషిని వెంటబెట్టుకుని వద్దామని అక్కడే ఉండిపోయాడు. నేను గుడిలో మొక్కు కోసం కూర్చున్నాను. మిల్లు ఆడవాళ్ళకు ఆదివారం సెలవు. పండుగకు మా వైపు ప్రతి గోడకూ సున్నం పడాలి, అమ్మవారు వచ్చే వీధిలో మసిబారిన గోడ ఉండకూడదు. పైగా డాక్టరయ్య ఇంటికి పెద్ద డాక్టరు వస్తున్నాడు. నేను వచ్చేసరికి గురవమ్మ, మిగతావాళ్ళు చేతులనిండా సున్నంతో, ముఖాలు వెలిగిపోతూ నిలబడి ఉన్నారు.

"చూడక్కా! ఒక గీత కూడా కనపడదు!"

నేను ఆ గోడ ముందే ఏడుస్తూ కూర్చున్నాను. ఎందుకు ఏడుస్తున్నానో చెప్పాక వాళ్ళూ ఏడ్చారు.

సోమవారం సాయంత్రం చిన్నాయన ఆ పెద్దాయనతో బండి దిగాడు. తెల్లని గోడ చూశాడు. గోడ పొడుగునా ఒక్కసారి చూపు నడిపించాడు, బొగ్గు నడిపించినట్టే. తలలు వంచుకుని నిలబడ్డ ఆడవాళ్ళతో, "సున్నం బాగా పట్టిందమ్మా" అన్నాడు. అంతే. ఒక్క కసురు లేదు. పెద్ద డాక్టరు ఆయన చెప్పినదంతా మర్యాదగా విన్నాడు, ఊహ బాగుందన్నాడు, మజ్జిగ తాగి తిరుగు రైలుకు వెళ్ళిపోయాడు. ఆయన తప్పు లేదు. తెల్లగోడలో ఎవరికి ఏం కనపడుతుంది?

మా అత్త మాత్రం మిల్లు విడవగానే నేరుగా వచ్చి అరుగు చివర కూర్చుని ఉంది. ఆమె కూడా అదే మిల్లులో పత్తి ఏరేది. వీధిలో ఆమె కులవకు సాటి లేదని పేరు. చిన్నాయన ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, పొద్దున గుడి దగ్గర నువ్వు పెట్టిన కులవ స్టేషన్‌దాకా వినపడిందంట గదా. నేను ఊళ్ళో లేను. ఇంకోసారి పెట్టు, విందాం."

అత్త కొంగు దోపుకుని లేచింది. నావైపు ఒక చూపు విసిరి, తల ఎత్తి మొదలుపెట్టింది. సగంలో తెగింది. ముఖం ఎర్రబడింది. మళ్ళీ ఎత్తింది. ఈసారి మొదట్లోనే దగ్గు వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేలో గుడిసె, వేరే ముంత, గట్టుమీద అన్నం, అన్నీ ఆమె కళ్ళలో కనపడ్డాయి నాకు.

"బయపడొద్దు అక్కా" అన్నాడు చిన్నాయన మెల్లగా. "నీకి ఆ జబ్బు లేదు. నీ కోడలికీ లేదు. ఇది సోమారం వచ్చే నూగు జబ్బు."

మర్నాడు అత్త పాపను నడిపించుకుని వచ్చింది. "నీ బిడ్డని నువ్వే సూసుకో. దీనెనక పరిగెత్తేదానికి నాకు మూచ్చు సాలదు" అని, పాప చేతిని నా చేతిలో పెట్టి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. పాప నన్ను గుర్తుపట్టక చిన్నాయన పంచె పట్టుకుంది. ఆయన ఎప్పుడూ అంతగా నవ్వగా నేను చూడలేదు.

నన్ను ఆ నూగుకు దూరంగా తీసుకుపొమ్మని మా ఇంటాయనకు ఆయనే చెప్పాడు. అలా కోవిల్‌పట్టి వచ్చి, విత్తనాల అంగడి పనితో బతికాం. నాకు మళ్ళీ దగ్గు రాలేదు. నన్ను బాగుచేసి నన్నే పోగొట్టుకున్నాడు ఆయన. తెల్లగోడ మీద, మళ్ళీ ఏ పండుగకూ సున్నం పడనివ్వకుండా, మొదటినుంచీ గీతలు మొదలుపెట్టాడు, కానీ పక్కన పేర్లు రాసే తోడు లేదు. మిల్లు యజమానుల దగ్గరికి ఏటేటా వెళ్ళి కిటికీలు తెరవమని అడిగేవాడు. ఒకాయన ఒక కిటికీ తెరిపించాడు. ఆ కబురు చెప్పడానికి రైలెక్కి మా ఇంటికి వచ్చాడు! ఆయన కనుక్కున్నది ఎక్కడా అచ్చు కాలేదు. ఏ పెద్ద డాక్టరూ మళ్ళీ రాలేదు. ఆయన ఆ పంచలో ఒంటరిగా, బొగ్గు పట్టుకుని సోమవారాలు గడిపాడు.

కిందటి చలికాలం నేను వెళ్ళినప్పుడు ఒక్క మెట్టు ఎక్కి రెండో మెట్టు మీద ఆగుతున్నాడు. ఇన్నేళ్ళు నూనె గాజు పట్టుకుని ఆయన నిలబడిందీ ఆ గాలిలోనే కదా. ఆ రోజు ఆదివారం. బొగ్గుముక్క నా చేతికిచ్చి, "మగోడు కులవ పెడితే ఊరు నవ్వతాది. చేని మనిషిని పిలిచే మాదిరి పిలస్తా, గీత గీయి" అన్నాడు. మా రేగడి చేలల్లో గట్టునుంచి గట్టుకు పిలిచినట్టు "ఓ..." అని ఎత్తాడు. నేను గడియారం చప్పుడుకు అడుగు వేశాను. రెండో అడుగు పూర్తికాలేదు. ఆయన ఆ గీత దగ్గరికి వంగి చూసుకున్నాడు.

"చూసినావా అమ్మణ్ణీ, నాకి ఆదివారం కూడా ఇంతే."

ఆయనకు పీట వేశాను. ఇద్దరం కూర్చుని తిన్నాం.

గురవమ్మతో కలిసి సాయంత్రానికి విరుదునగరం చేరాను. వైద్యశాల తలుపుకు తాళం. పంచ ఎప్పటిలాగే ఉంది. ఆయన పొట్టి గీత గోడమీద అలాగే ఉంది, దాని పక్కన పేరు లేదు. తుండుగుడ్డ దులిపే చప్పుడు కోసం చెవి ఎదురు చూసింది. అప్పుడు ఏడుపు వచ్చింది. పక్కన చెయ్యి వేసేవాళ్ళు ఉన్నా, నాతోపాటు ఏడవవలసిన మనిషి ఆయనే కదా అనిపించింది.

మిల్లు విడిచారు. కనురెప్పలు తెల్లబడ్డ ఆడవాళ్ళు వస్తూ వస్తూ అలవాటుగా పంచ ముందు ఆగారు. చావు జరిగిన ఇంట కులవ ఏమిటని ఒకామె సణిగింది. "ఇది సుబానికి పెట్టే కులవ కాదు. సోమారం కులవ" అంది గురవమ్మ, నావైపు చూసింది. కిటికీ గూట్లో బొగ్గుముక్క ఉంది. తీసుకుని ఆయన గీత ఆగిన చోట ఆనించాను. వాళ్ళందరూ ఒక్కసారి ఎత్తారు. మూసిన తలుపు వెనక గడియారం ఇంకా కొట్టుకుంటోంది. దాని చప్పుడుకు అడుగు వేశాను. ఒక్కొక్క గొంతు తెగిపోతూ వచ్చింది. చివరికి గురవమ్మ గొంతు ఒక్కటే మిగిలి, అదీ ఆగింది. బొగ్గు ఆపాను. ఆయన గీత తలుపుదాకా వచ్చింది.

వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేను గీత చివర నిలబడి, లోపల గడియారం వింటూ ఉన్నాను. దానికి కీ ఇచ్చేవాళ్ళు లేరు. అది ఆగేదాకా ఉందామనుకున్నాను.